చలికాలంలో సరుకు రవాణా – ఉప్పుగూడ నుంచి ఒక పరిశీలన

కాచిగూడ దాటిన రైలు మలక్‌పేట, డబీర్‌పుర, యాకుత్‌పుర స్టేషన్ల మీదుగా ఫలక్‌నుమా చేరేలోగా వచ్చే చిన్న స్టేషను ఉప్పుగూడ. జనం నోట ఉప్పుగూడే గాని స్టేషను బోర్డు మీద మాత్రం ‘హుప్పుగూడ’. సర్కారు కాగితాలలో ఒకసారి చేరిన అక్షరం అంత సులభంగా పోదని మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. ఈ లైనే జడ్చర్ల, మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు మీదుగా డోన్ వరకు పోతుంది. ఇక్కడికి పడమటగా కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఆరాంఘర్ వద్ద, శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే 44వ నెంబరు జాతీయ రహదారి ఉంది. 2010లో నెంబర్లు మారే వరకు మనమంతా దీనిని ఏడో నెంబరు రోడ్డు అనేవాళ్లం. ఆ విధంగా పాతబస్తీ దక్షిణపు అంచున ఉన్న ఈ పేట ఒక పాత రైలు దారికీ, దేశంలోకెల్లా పొడవైన రోడ్డుకీ నడుమ ఉన్నది.

చలికాలంలో సరుకు రవాణాకు వచ్చే ఇబ్బందుల గురించి ఉప్పుగూడలో కూర్చుని రాయడమేమిటని కొందరికి నవ్వు రావచ్చు. మనకు మంచు కురవదు. సంక్రాంతి నాటి చలి కూడా ఒక కంబళితో తీరిపోయేదే. అయితే మన ఇంట్లోకి వచ్చే వస్తువులన్నీ మన వాతావరణంలో నుంచి వచ్చేవి కావు. చలికి తొడుక్కునే స్వెట్టరు లూధియానాలో అల్లినది. మనుమడి చేతిలోని ఆపిల్ పండు కాశ్మీరులో కోసినది. కార్తీక మాసంలో కొట్టే కొబ్బరికాయ కోనసీమలో దింపినది. ఉత్తరాన హిమపాతం, పొగమంచు. తూర్పున కార్తీక మార్గశిరాలలో లేచే తుపానులు. మన సరుకుకు సంబంధించినంత వరకు చలికాలమంటే ఈ రెండే. సరుకు ఆలస్యమైనా, పాడైనా ఆ నష్టం ఎవరి నెత్తిన పడాలి? ఈ ప్రశ్నకు ఒక్కో కాలంలో ఒక్కో జవాబు వచ్చింది. ఆ జవాబులను వరుసగా చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పెరికె ఎద్దుల కాలం

రైలు రాక పూర్వం దక్కనులో దూరపు రవాణా అంతా లంబాడీల పెరికె ఎద్దుల మీదే. కోస్తా నుంచి ఉప్పు ఎక్కించుకుని పైకి వచ్చేవారు, తిరుగు ప్రయాణంలో ధాన్యమో పత్తో వేసుకుని పోయేవారు. ఒక్కో తాండా వెంట వందలు, ఒక్కోసారి వేల ఎద్దులు. మొగలు సైన్యాలు దక్కను మీదికి వచ్చినప్పుడు వాటికి తిండిగింజలు అందించింది కూడా వీరే. వానాకాలంలో నల్లరేగడి నేలల్లో ఎద్దు కాలు దిగబడుతుంది, వాగులు దాటనివ్వవు. అందుచేత ఆ నెలలు ఎక్కడో ఒకచోట మకాం వేసి, దసరా వెళ్లి నేల గట్టిపడ్డాక కదిలేవారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ రోజుల్లో చలికాలం రవాణాకు శత్రువు కాదు, మిత్రుడు. దారి పొడుగునా గడ్డి, నీళ్లు దొరికేవి, ఎండ బాధ లేదు. తాండా వచ్చినప్పుడే ఉప్పు వచ్చినట్టు. ఫలానా తేదీకి రావాలన్న మాటే లేదు గనుక ఆలస్యం అన్న మాటకూ అర్థం లేదు. చాలా సందర్భాలలో ఎద్దులూ వారివే, సరుకూ వారు కొని తెచ్చి అమ్ముకునేదే. కాబట్టి వానకు ఉప్పు కరిగిపోతే నష్టం కూడా వారిదే. కోర్టు లేదు, రసీదు లేదు, తగాదా లేదు. అది గొప్ప ఏర్పాటని నేను అనను. లెక్క మాత్రం తేటగా ఉండేది.

రైలు వచ్చింది, రసీదు వచ్చింది

1874లో సికిందరాబాదు నుంచి వాడి వరకు రైలు పడింది. 1889 నాటికి బెజవాడతో కలిసింది. అప్పటి నుంచి కోస్తా ఉప్పు వ్యాగన్లలో రావడం మొదలై, పెరికె ఎద్దుల వ్యాపారం క్రమంగా చితికిపోయింది. పాతబస్తీ మాత్రం మూసీకి ఇవతల మిగిలింది. స్టేషనులో దిగిన సరుకు బండ్ల మీద వంతెనలు దాటి రావాలి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో పురానాపూల్ తప్ప మిగిలిన వంతెనలు దెబ్బతిన్నప్పుడు ఆ ఆధారం ఎంత బలహీనమైనదో తెలిసివచ్చింది. 1916లో కాచిగూడ స్టేషను, దానితోపాటు నదికి దక్షిణంగా సాగే మన మీటరుగేజి లైను వచ్చాయి. 1929 నాటికి ఆ లైను ద్రోణాచలం, అనగా డోన్ వరకు పూర్తయింది. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ నుంచి తన చేతిలోకి తీసుకుంది.

రైలుతో పాటు టైంటేబులు వచ్చింది, దాని వెంటే ‘లేటు’ వచ్చింది. గూడ్సు షెడ్డులో పనిచేసిన మిత్రులకు బాగా గుర్తుండే రెండు మాటలు ‘రైల్వే రిస్కు’, ‘ఓనర్స్ రిస్కు’. మొదటి దానికి కిరాయి ఎక్కువ, రెండవ దానికి తక్కువ. సరుకు పోతే ఎవరు భరించాలో రసీదు రాసేటప్పుడే తేలిపోయేది. 1890 నాటి రైల్వే చట్టం స్థానంలో వచ్చిన 1989 చట్టంలో 93వ సెక్షను ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేసింది. దైవిక ఘటన, యుద్ధం వంటి కారణాలు చూపి రైల్వే తప్పించుకోవచ్చు గాని, తాను తగినంత ముందుచూపు, జాగ్రత్త చూపినట్టు రుజువు చేసుకోవాలి. వరద వచ్చిందంటే సరిపోదు. వరద వస్తుందని తెలిసీ ఏమి చేశావన్నది అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న దేశమంతా వినబడేలా లేచింది మన లైను మీదనే. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వరదకు దెబ్బతిన్న వంతెన రైలు కింద కూలిపోయింది. నూరుమందికి పైగా చనిపోయారు. అప్పటికి ఈ లైను మధ్య రైల్వేలో ఉండేది. దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది 1966 అక్టోబరు 2న. రైల్వే మంత్రిగా ఉన్న లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వజూపారు. ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. మూడు నెలలు తిరగకముందే, నవంబరు 23న, మద్రాసు నుంచి తూత్తుకుడి పోయే ఎక్స్‌ప్రెస్ అరియలూరు దగ్గర పడిపోయింది. అది తమిళదేశంలో చలికాలపు వానల కాలం. మరుదయ్యారు పొంగి వంతెన దగ్గర కట్టను కోసివేసింది. నూట నలభై మందికి పైగా మరణించారు. ఈసారి శాస్త్రిగారు పట్టుబట్టి రాజీనామా చేశారు, అది ఆమోదం పొందింది.

శాస్త్రిగారి రాజీనామాను మనం నీతికథలాగా పిల్లలకు చెబుతుంటాం. చెప్పవలసిందే. కాని దానిలో రవాణా చరిత్రకు సంబంధించిన అంశం ఒకటి ఉన్నది. ‘వరద దైవికం, మేమేం చేస్తాం’ అన్న సమాధానం చెల్లదని స్వయంగా మంత్రే ఒప్పుకున్నారు. వానను ఆపలేకపోవచ్చు, కట్టను కాపలా కాయవచ్చు. తెలంగాణ చెరువుల దేశం. పట్టాలకు ఎగువన ఏ చెరువు తెగితే లైను కొట్టుకుపోతుందో రైల్వే ఇంజనీర్లు జాబితా రాసి పెట్టుకుని, రాష్ట్ర ప్రభుత్వ ఇంజనీర్లతో కలిసి తనిఖీ చేయాలన్నది నియమం. ఆ తనిఖీ ఎంత ముఖ్యమో 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర మరోసారి తెలిసింది. చెరువు నీటికి కట్ట కోసుకుపోయి డెల్టా ప్యాసింజరు పడిపోయినప్పుడు నూరుమందికి పైగా ప్రాణాలు పోయాయి.

చలిరాత్రి గస్తీ

వరద అందరికీ కనబడుతుంది. చలి వల్ల పట్టాకు జరిగే నష్టం కనబడదు. రైల్వేలో పని చేయనివారికి ఇది కొత్త సంగతి కావచ్చు గనుక కాస్త వివరిస్తాను.

మీటరుగేజి రోజుల్లో పట్టాలు చిన్న ముక్కలు. రెండు ముక్కల నడుమ సందు వదిలి ఫిష్‌ప్లేట్లు బిగించేవారు. చలికి ఉక్కు ముడుచుకున్నా, ఎండకు సాగినా ఆ సందు సర్దుకునేది. రైలు ‘టకటక’మని పోయేది అందుకే. 1990వ దశకంలో మన లైను బ్రాడ్‌గేజి అయింది. కొత్త పద్ధతిలో పట్టాలను కిలోమీటర్ల పొడవున ఒక్కటిగా అతుకుతారు. టకటక పోయింది, సుఖం వచ్చింది. కాని ఉక్కు స్వభావం మారదు గదా. కిలోమీటరు పొడవు పట్టాను స్వేచ్ఛగా వదిలేస్తే ఒక్క డిగ్రీ చల్లబడినప్పుడు సుమారు పదకొండున్నర మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. ముప్పై డిగ్రీలకు అడుగు పైచిలుకు. స్లీపర్లు, కంకర దానిని కదలనివ్వవు. కదలలేని పట్టా లోలోపల లాగుడుకు గురవుతుంది. ఎక్కడో అతుకులో చిన్న లోపం ఉంటే, పుష్యమాసపు తెల్లవారుజామున, చలి బాగా ముదిరిన వేళ అక్కడ పుటుక్కున విరుగుతుంది.

అందుకే చలి ఒక హద్దు దాటిన రాత్రులలో ట్రాక్‌మన్‌లు లాంతరు పట్టుకుని లైను పొడుగునా నడవాలి. దీనిని కోల్డ్ వెదర్ పెట్రోలింగ్ అంటారు. విరుగు కనబడితే ఎర్ర దీపం చూపి, పట్టా మీద డిటోనేటర్లు పెట్టి బండిని ఆపాలి. తరువాత విరిగిన చోట క్లాంపులు, ప్రత్యేకమైన ఫిష్‌ప్లేట్లు బిగించి బండిని మెల్లగా దాటిస్తారు. ఎక్స్‌ప్రెస్‌లను ముందు పంపి గూడ్సు బండిని లూప్ లైనులో నిలబెట్టడం షరా మామూలే. మరునాడు గంజ్‌లో సరుకు దిగలేదని వ్యాపారి విసుక్కుంటాడు. మఫ్లరు చుట్టుకుని రాత్రంతా నడిచిన మనిషి ఆ విసుగులో ఎక్కడా కనబడడు.

ఉత్తరాది పొగమంచుకు కూడా రైల్వేకు ఇటువంటి పాత ఏర్పాటే ఉంది. సిగ్నలుకు 270 మీటర్ల ముందు ఫాగ్‌మన్ పట్టా మీద రెండు డిటోనేటర్లు అమర్చేవాడు. ఇంజను చక్రం కింద అవి పేలగానే సిగ్నలు దగ్గరపడిందని డ్రైవరుకు తెలిసేది. పొగమంచులో గంటకు 60 కిలోమీటర్లు మించకూడదన్న హద్దు ఉండేది. ఉపగ్రహం సాయంతో ముందరి సిగ్నలును సూచించే పరికరాలు ఇంజన్లలోకి వచ్చాక ఆ హద్దును 75 చేశారు. బండ్లు ఇప్పటికీ గంటల తరబడి లేటవుతూనే ఉన్నాయి. అయితే లేటయిన డ్రైవరుకు జీతం కోత పడదు, డ్యూటీ గంటలు దాటితే వేరొకరు వచ్చి బండి ఎక్కుతారు.

లారీ మీదికి మారిన భారం

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలోని సరుకు రవాణాలో ఎనభై శాతానికి పైగా రైలు మీదే జరిగేది. ఇప్పుడు అది మూడో వంతు కన్నా తక్కువ. తక్కిన సింహభాగం లారీలదే. ఇంటి గుమ్మం దాకా వస్తుంది, వ్యాగను కోసం ఎదురు చూడనక్కరలేదు. ఈ సౌకర్యాన్ని కాదనలేము. ఒక్క విషయం మాత్రం మారింది. రైలు మీద ఒక పెద్ద సంస్థ మోసే వాతావరణపు భారం, రోడ్డు మీద ఒక డ్రైవరు, ఒక క్లీనరు మీద పడింది.

కాశ్మీర్ ఆపిల్ సంగతే చూడండి. శ్రీనగర్ వైపు నుంచి మన పండ్ల మార్కెట్‌కు (మొన్నటి దాకా గడ్డిఅన్నారం, 2022 నుంచి బాటసింగారం) రెండు వేల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. దానిలో మొదటి 270 కిలోమీటర్లు, జమ్మూ దాకా, అన్నిటికన్నా కష్టమైనవి. పూర్వం బనిహాల్ కనుమ మీద మంచు పడితే చలికాలంలో ఆ రోడ్డు మూతపడేది. దాని కింద తొలిచిన జవాహర్ సొరంగం 1956 డిసెంబరు 22న ప్రారంభమైంది. మన లైను మీద వంతెన కూలిన ఏడాదే అది. 2017లో చెనాని–నశ్రీ సొరంగం, 2021లో ఖాజీగుండ్–బనిహాల్ కొత్త సొరంగం వచ్చాయి. అయినా రాంబన్ ప్రాంతంలో కొండచరియ విరిగితే అన్నీ ఆగవలసిందే. 2018, 2019 సంవత్సరాలలో నవంబరు మొదటి వారంలోనే, కాయ ఇంకా చెట్టున ఉండగానే, మంచు పడి కొమ్మలు విరిగిపోయాయి. 2022 సెప్టెంబరులో ఆపిల్ లారీలు వేల సంఖ్యలో దారిలో నిలిచిపోగా రైతులు మండీలు మూసి నిరసన తెలిపారు. అక్కడ నాలుగు రోజులు ఆగిన పెట్టె ఇక్కడ విప్పేసరికి మెత్తబడి ఉంటుంది. వేలంలో ధర పడిపోతుంది. అక్కడి రైతుకు, ఇక్కడి ఏజెంటుకు మధ్య మాటామాటా పెరిగి చివరకు లారీ కిరాయిలో కోత దగ్గర తెగుతుంది.

చలికి బండి కూడా మొరాయిస్తుంది. డీజిలులో మైనం వంటి పదార్థం ఉంటుంది. బాగా చల్లబడితే అది గడ్డకట్టి ఫిల్టరును మూసేస్తుంది. కొండ ప్రాంతాల్లో డ్రైవర్లు ట్యాంకు కింద నిప్పు పెట్టి వేడి చేసుకోవడం అందుకే. ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. లడఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని శీతకాలపు డీజిలును ఇండియన్ ఆయిల్ 2019లో గాని విడుదల చేయలేదు. మన వైపు నుంచి వెళ్లే డ్రైవరుకు ఇవన్నీ అక్కడికి వెళ్లాక నేర్చుకునే పాఠాలే. కిందికి దిగితే పంజాబు నుంచి ఆగ్రా దాటే వరకు పొగమంచు. ముందు పోయే బండి వెనక దీపాన్ని చూసుకుంటూ నడపడమే పద్ధతి. ఆ ముందు బండి గుంటలో పడితే వెనకది కూడా పడుతుంది. రైల్వే ఫాగ్‌మన్ వంటి వాడు అక్కడ ఎవరూ లేరు. ఆదిలాబాదు జిల్లాలో అడుగుపెట్టాక కూడా నిర్మల్ ఘాట్లలో డిసెంబరు తెల్లవారుజామున దారి కనబడని రోజులు ఉంటాయి. స్వెట్టర్ల లోడు సంక్రాంతి దాటి వస్తే ఇక్కడ చలి వెళ్లిపోతుంది, కొనేవాడు ఉండడు. అందుచేత ‘ఆగకుండా రా’ అనే ఫోను మాత్రం ఆగదు.

చట్టం ఏమంటుందని అడగవచ్చు. 1865 నాటి క్యారియర్స్ చట్టం నూట నలభై ఏళ్లకు పైగా నడిచి, 2011లో అమలులోకి వచ్చిన 2007 నాటి రోడ్డు రవాణా చట్టంతో పోయింది. అది బిల్టీ ఇచ్చిన ట్రాన్స్‌పోర్టు కంపెనీకీ, సరుకుదారుకూ నడుమ బాధ్యతను చెబుతుంది. ఆ కంపెనీ కిరాయికి పిలిచిన లారీ డ్రైవరు గురించి కాదు. డ్రైవర్ల కోసం 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం చేశారు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నారు. మంచి చట్టం. కాని 2025 వరకు అయిదుగురు, ఆ పైన పనివారు ఉన్న సంస్థలకే అది వర్తించేది. మన దేశంలో లారీలు చాలావరకు ఒకటి రెండు బండ్ల యజమానుల చేతిలో ఉన్నాయి. కాబట్టి ఆ 8 గంటలు కాగితం మీదే ఉండిపోయాయి. ఉద్యోగంలో ఉన్నంత కాలం డ్యూటీ గంటలు, ఓవర్‌టైము కోసం యూనియన్లలో పోరాడి, ఆ తరువాత పెన్షను అందుకుంటున్న మనం ఈ తేడాను ఇతరులకన్నా బాగా గుర్తించగలం.

తూర్పు గాలి

ఇక తుపానులు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేల మంది, అంతకన్నా ఎక్కువేనని కూడా లెక్కలున్నాయి, చనిపోయారు. చెట్లు కూలి, రోడ్లు తెగి, సహాయ సామగ్రి లారీలు గ్రామాలు చేరడానికే రోజులు పట్టింది. 1996 నవంబరు 6న కోనసీమ తుపాను వేయి మందికి పైగా పొట్టన పెట్టుకుంది. కూలిన కొబ్బరి చెట్లకు లెక్కే లేదు. రోడ్డు మీద పడిన చెట్టును వారంలో తొలగించవచ్చు. కొత్త చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు కావాలి. అంతకాలం ఆ లారీల లోడూ ఉండదు. తుపాను నష్టం అంచనాలలో ఇటువంటి ‘రాని సరుకు’ ఎక్కడా లెక్కకు రాదు.

2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం ఆ రాత్రికే హైదరాబాదును ముంచింది. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి బెంగుళూరు రోడ్డు కోసుకుపోయింది. ఫలక్‌నుమా వంతెన దెబ్బతింది. ఉప్పుగూడ, ఛత్రినాక బస్తీలలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. రోడ్డుకు ఎగువన ఉన్న చెరువుకు రైల్వే రాసుకునే జాబితా వంటిది ఉండి ఉంటే ఎంత మేలు జరిగేదో అనిపిస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందే రైళ్లు రద్దు చేసి జనానికి చెప్పారు. వాతావరణ శాఖ ముందస్తు సూచనల వల్ల 1977కూ ఇప్పటికీ ఇది పెద్ద మార్పు. లారీలకు అటువంటి రద్దు ఉత్తరువు ఇచ్చేవారు ఎవరూ లేరు. పోలీసులు ఆపిన చోట ఆగడమే.

అమెరికాలో పిల్లలున్న సభ్యులకు 2021 ఫిబ్రవరి గుర్తుండే ఉంటుంది. డల్లాస్ ప్రాంతంలో మన తెలుగువారు వేల కుటుంబాలు. ఆ నెల 11న తెల్లవారుజామున పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో వాన నీరు రోడ్డు మీద గాజులా గడ్డకట్టి, 130కి పైగా వాహనాలు ఒకదానిపై ఒకటి ఎక్కాయి. వాటిలో పెద్ద లారీలూ ఉన్నాయి. ఆరుగురు మరణించారు. ఆ తరువాతి వారంలో కరెంటు పోయి, లారీలు రాక, దుకాణాలలో అరలు ఖాళీ అయ్యాయి. అక్కడి నిబంధనలలో ఒకటి ముఖ్యమైనది. మంచు, పొగమంచు వంటివి ప్రమాదకరమైతే లారీ నడపడం ఆపివేయాలని స్పష్టంగా రాసి ఉంది. ఆ నిబంధన ఉన్నా ప్రమాదం జరిగింది, నిజమే. కాని ఆగిపోయిన డ్రైవరు ‘చట్టం ఆపమంది’ అని యజమానికి చెప్పగలడు. ఇక్కడి డ్రైవరుకు ఆ మాట చెప్పుకునే ఆధారం కూడా లేదు.

2025 జూన్ 6న చీనాబ్ వంతెనతో పాటు కాశ్మీరు లోయకు రైలు దారి పూర్తయింది. ఆగస్టు 9న సిమెంటుతో మొదటి గూడ్సు బండి అనంతనాగ్ చేరింది. అదే నెలాఖరున వరదలకు, విరిగిన చరియలకు జమ్మూ రోడ్డు మళ్లీ మూతపడి, ఆపిల్ లారీలు మళ్లీ బారులు తీరాయి. సెప్టెంబరులో బడ్గాం నుంచి ఢిల్లీకి ఆపిల్ పెట్టెలు పార్సెలు బోగీలలో వెళ్లడం మొదలైంది. ఢిల్లీలో దిగిన పెట్టె హైదరాబాదు రావాలంటే మాత్రం ఇంకా చాలావరకు లారీయే గతి. ఆగ్రా, ఝాన్సీ, నాగపూర్, నిర్మల్ మీదుగా, పొగమంచులో.